మీకు తెలుసా? పాత కామిక్‌ని అమ్మే ముందు గ్రేడింగ్ చేయించాలా, వద్దా

పాత కామిక్ పుస్తకం ఒకటి చేతికొచ్చింది. నాలుగు డబ్బులు పలికేదేనని తేలింది. ఉన్నది ఉన్నట్టు అమ్మేయాలా, రుసుము కట్టి గ్రేడింగ్ చేయించి అమ్మాలా? ఈ వ్యాపారానికి పుట్టిల్లు అమెరికా. అందుకే కింద చెప్పేవన్నీ అక్కడి పుస్తకాలు, అక్కడి సంస్థలు, డాలర్ల లెక్కలు. అక్కడ స్థిరపడి, గరాజ్ సేళ్ళలో పుస్తకాల పెట్టెలు కొనే మనవాళ్ళకి ఇవి సూటిగా పనికొస్తాయి. పాత పుస్తకమంటే ప్రాణం పెట్టే మిగతావాళ్ళకి ఇదొక ముచ్చటైన లోకం.

అటక మీది అట్టపెట్టెలో 91 లక్షల డాలర్లు దొరికాయని మీకు తెలుసా?

ఉత్తర కాలిఫోర్నియాలో ముగ్గురు అన్నదమ్ములు చనిపోయిన తల్లి ఇల్లు సర్దుతున్నారు. అటక మీద పాత వార్తాపత్రికల కింద ఒక అట్టపెట్టె కనిపించింది. అందులో 1939లో వచ్చిన 'సూపర్‌మ్యాన్' మొదటి సంచిక ఉంది. సీజీసీ అనే గ్రేడింగ్ సంస్థ దానికి పదికి 9.0 ఇచ్చింది. ఆ సంస్థ చూసిన సూపర్‌మ్యాన్ మొదటి సంచికల్లో అంత మార్కు ఇంక దేనికీ రాలేదు. 2025 నవంబరులో హెరిటేజ్ ఆక్షన్స్ వేలంలో అది 91 లక్షల 20 వేల డాలర్లు పలికింది. అదే సంచిక 8.0 ప్రతి ఒకటి 2022లో 53 లక్షల డాలర్లకి చేతులు మారింది. మధ్యలో మూడేళ్ళు గడిచాయి కనుక తేడా అంతా ఆ ఒక్క అంకెదే అనలేం. కానీ అందులో ఆ అంకె వాటా పెద్దదే.

ఆ స్థాయి పుస్తకానికి గ్రేడింగ్ చేయించాలా అని తటపటాయించే పనే లేదు. తటపటాయింపు అంతా వంద, ఐదొందలు, రెండు వేల డాలర్ల పుస్తకాల దగ్గరే వస్తుంది. మనలో ఎక్కువమంది చేతికి వచ్చేవీ అవే.

2000 సంవత్సరం దాకా అమ్మేవాడి మాటే మార్కు

'పుస్తకం బాగుంది' అని అమ్మేవాడు అంటాడు, 'అంత బాగాలేదు' అని కొనేవాడు అంటాడు. కామిక్స్ బేరాలు దశాబ్దాలపాటు ఇలాగే నడిచాయి. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ తెచ్చిన ధరల పుస్తకం ఇద్దరికీ ఒక కొలత ఇచ్చింది. అయినా ఆ కొలతతో కొలిచే చేయి మాత్రం అమ్మేవాడిదే. ఇంటర్నెట్‌లో అమ్మకాలు మొదలయ్యాక కొనేవాడికి పుస్తకం చేత్తో పట్టుకుని చూసే వీలు కూడా పోయింది. 2000లో సీజీసీ పుట్టింది ఆ సందులోనే. ఇప్పుడు దాని కేంద్రం ఫ్లోరిడాలోని సారసోటాలో ఉంది. 2014లో సీబీసీఎస్ అనే మరో సంస్థ పోటీగా వచ్చింది.

అక్కడ ఏం చేస్తారంటే, ముందు పేజీలు లెక్కపెడతారు. మరమ్మతు చేసిన గుర్తులు, రంగు పూసిన గుర్తులు ఉన్నాయేమో వెతుకుతారు. ఒకరికి మించి నిపుణులు చూసి 0.5 నుంచి 10 దాకా ఒక అంకె ఖాయం చేస్తారు. తర్వాత పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేసి, పైన లేబుల్ అంటిస్తారు. దీన్నే స్లాబ్ అంటారు. స్లాబ్ పగలగొట్టకుండా ఆ పుస్తకాన్ని ఇక ఎవరూ తెరిచి చదవలేరు.

నగ మీద హాల్‌మార్క్ ముద్ర వేస్తే అందులో బంగారం పెరగదు, కొనేవాడికి అనుమానం తీరుతుంది. స్లాబ్ చేసేదీ ఆ పనే. కొనేవాడి అనుమానం వల్ల మీకు ఎంత ధర తగ్గుతోంది, ఆ అనుమానం తీర్చడానికి ఎంత ఖర్చవుతోంది? ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గ్రేడింగ్ చేయించాలో వద్దో తేలిపోతుంది. ఇక మీదట చెప్పేదంతా ఆ రెండిట్లో ఏదో ఒక దాని గురించే.

'గుడ్' అంటే పదికి రెండు

కామిక్స్ కొలతలో 9.2, 9.4 దగ్గర నియర్ మింట్ అంటారు. 8.0 వెరీ ఫైన్, 6.0 ఫైన్, 4.0 వెరీ గుడ్. గుడ్ అంటే 2.0 మాత్రమే. ప్రకటనలో మామూలు అర్థంలో 'గుడ్ కండిషన్' అని రాసి పెడితే, తెలిసిన కొనుగోలుదారు దాన్ని నలిగి చిరిగిన పుస్తకం కిందే లెక్కేస్తాడు.

కత్తెర పట్టిన పిల్లవాడు వేల డాలర్లు కోసేశాడని మీకు తెలుసా?

1974 నవంబరు తేదీతో 'ది ఇన్‌క్రెడిబుల్ హల్క్' 181వ సంచిక వచ్చింది. అప్పటి వెల 25 సెంట్లు. రాసింది లెన్ వీన్, బొమ్మలు వేసింది హెర్బ్ ట్రింప్. వుల్వరీన్ పాత్ర పూర్తి స్థాయిలో కనిపించిన మొదటి కథ ఇదే. అంతకు ముందు 180వ సంచికలో ఆఖరి బొమ్మలో మాత్రమే తొంగిచూశాడు. ఆ తరం కామిక్స్‌లో అందరూ వెతికేది ఈ సంచికే.

ఆ ఏడాదే మార్వెల్ సంస్థ తన కామిక్స్‌లో పాఠకుల ఉత్తరాల పేజీలో 'మార్వెల్ వాల్యూ స్టాంప్' అని చిన్న బొమ్మలు అచ్చువేయడం మొదలుపెట్టింది. మొత్తం వంద బొమ్మలు. కత్తిరించి ఒక ఆల్బమ్‌లో అంటించుకోమని పిల్లలకి చెప్పింది. పిల్లలు చెప్పినట్టే చేశారు. హల్క్ 181లో ఉన్నది 54వ నంబరు స్టాంప్, షానా ద షీ-డెవిల్ బొమ్మ. అట్ట తళతళలాడుతూ, అంచులు చెక్కుచెదరకుండా ఉన్న ప్రతుల్లో కూడా లోపల ఉత్తరాల పేజీలో చిన్న చదరపు కిటికీ కనిపిస్తుంది. స్టాంప్ ఉండాల్సిన చోటు అది.

ఆ కిటికీ ఉన్న ప్రతికి గ్రేడింగ్ సంస్థ మామూలు నీలం లేబుల్ మీద బాగా తక్కువ అంకె వేయొచ్చు. లేదా ఆకుపచ్చ లేబుల్ వేయొచ్చు. ఆకుపచ్చ లేబుల్ మీద అంకె పెద్దదిగానే కనిపించినా, పక్కనే లోపం రాసి ఉంటుంది. ఎలా చూసినా నిండు ప్రతి ధరలో అది చిన్న భాగమే.

ఇక్కడ అమ్మేవాళ్ళు గమనించాల్సిన విషయం ఒకటుంది. ఫోటోలో అట్ట మాత్రమే చూసే కొనుగోలుదారుకి ఈ సంచిక పేరు వినగానే ముందు స్టాంప్ గుర్తొస్తుంది. స్టాంప్ ఉందో లేదో తెలియకపోతే లేదనే అనుకుని బేరం మొదలుపెడతాడు. మీ ప్రతిలో స్టాంప్ ఉంటే, ఆ పేజీ స్పష్టంగా ఫోటో తీసి పెడితే సగం అనుమానం ఖర్చు లేకుండానే పోతుంది. నడిమి పేజీలు పిన్నులకి గట్టిగా పట్టి ఉన్నట్టు చూపించే ఫోటో ఇంకొకటి, పుస్తకం వీపు నిలువునా కనిపించే ఫోటో మరొకటి. ఇవి పెట్టి, లోపాలు దాచకుండా రాసినవాళ్ళకి గ్రేడింగ్ లేకుండానే మంచి ధర వస్తుంది. చిరిగింది, నలిగింది, కానీ నిండుగా ఉంది అనదగ్గ మధ్యస్థ ప్రతులకి ఈ దారే మేలు.

లెక్క వేసి చూడండి

అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఇవి మార్కెట్ ధరలు కావు. మీ పుస్తకం గ్రేడింగ్ లేకుండా 1,500 డాలర్లు పలుకుతుంది. రుసుము, రెండు వైపులా పోస్టు, బీమా అన్నీ కలిపి 150 అవుతాయి. 6.0 వస్తే 2,000 డాలర్లు, 5.0 వస్తే 1,650, 4.0 వస్తే 1,400 పలుకుతుంది అనుకోండి. ఖర్చు తీసేశాక 6.0కి 350 మిగులుతుంది. 5.0కి లాభం లేదు, నష్టం లేదు. 4.0కి 250 చేతినుంచి పోతుంది. పైగా ఇప్పుడు ఆ 4.0 లేబుల్ అందరికీ కనిపించేలా పైనే ఉంటుంది. వెనక్కి తీసుకోలేరు.

సొంత పుస్తకానికి మార్కు వేసేటప్పుడు అందరి చేయీ ఉదారంగా ఉంటుంది. ప్రేమతో చూసే కంటికి వీపు మీది సన్నని గీతలు కనపడవు. అందుకని మీకు తోచిన అంకె కంటే ఒక మెట్టు కింద పెట్టి ఈ లెక్క వేయండి. అప్పటికీ నాలుగు డబ్బులు మిగులుతాయంటే పంపండి.

ధరలు తెలుసుకోవడానికి ఈబేలో 'అమ్ముడైనవి' చూడాలి. అడిగే ధర ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు, ఇచ్చిన ధరే నిజం. హెరిటేజ్ తన పాత వేలాల ఫలితాలన్నీ దాచి ఉంచుతుంది. గ్రేడ్ అయిన ప్రతుల అమ్మకాలని జీపీఅనాలిసిస్ అనే సేవ ఏళ్ళ తరబడి నమోదు చేస్తోంది. రుసుము కూడా ఒకే తీరుగా ఉండదని గుర్తుంచుకోండి. పుస్తకం విలువని బట్టి మెట్లు మెట్లుగా పెరుగుతుంది. బాగా ఖరీదైన వాటికి విలువలో శాతం చొప్పున తీసుకుంటారు.

80 లక్షల ప్రతులు

1991లో వచ్చిన 'ఎక్స్-మెన్' మొదటి సంచిక 80 లక్షలకి పైగా ప్రతులు అమ్ముడై గిన్నిస్ రికార్డుకెక్కింది. కొన్నవాళ్ళలో చాలామంది పెరిగే ధర మీద ఆశతో ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి దాచారు. అందరూ దాచింది ఎవరికీ అరుదు కాదు. దీనికి గ్రేడింగ్ చేయిస్తే మామూలుగా రుసుము డబ్బులు కూడా రావు. పెట్టెలో పదేసి ప్రతులున్నా పంపొద్దు.

పావలా తేడా కాదు, ఐదు సెంట్ల తేడా

1977లో 'స్టార్ వార్స్' మొదటి సంచిక అట్ట మీద వెల 30 సెంట్లు. వెల పెంచితే కొంటారో లేదో చూడడానికి మార్వెల్ కొద్ది ఊళ్ళలో మాత్రం 35 సెంట్ల అట్టతో అమ్మింది. ఆ కొద్ది ప్రతులకి ఇప్పుడు మామూలు ప్రతులతో పోలికే లేని ధర. తర్వాత వచ్చిన పునర్ముద్రణల మీద కూడా 35 సెంట్లు అని ఉండడంతో జనం పొరపడుతుంటారు. అసలైన దాని మీద వెల చదరపు గడిలో ఉంటుంది, కింద బార్‌కోడ్ గీతలు ఉంటాయి. ఇలాంటి చోట మాత్రం గ్రేడింగ్ తప్పనిసరి. పుస్తకం ఏ ముద్రణో లేబుల్ మీదే రాసి ఉంటే కొనేవాడు ఇక వాదించడు.

స్కేలుతో తేలిపోయే మోసం

సూపర్‌మ్యాన్ పుట్టిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక 1938 జూన్ తేదీతో 10 సెంట్లకి వచ్చింది. 2014లో 9.0 ప్రతి ఒకటి ఈబేలో 32 లక్షల డాలర్లకి పోయింది. 2024 ఏప్రిల్‌లో 8.5 ప్రతి హెరిటేజ్ వేలంలో 60 లక్షలకి వెళ్ళింది. ఆ పుస్తకం తమ ఇంట్లో ఉందని నమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. దానికి కారణం ఉంది. 1974లో డీసీ సంస్థ 'ఫేమస్ ఫస్ట్ ఎడిషన్' పేరుతో ఆ సంచికని ప్రకటనలతో సహా అచ్చుగుద్దినట్టు మళ్ళీ వేసింది. పైన ఇంకో అట్ట ఉండేది. ఆ పై అట్ట ఊడిపోతే లోపలిది అచ్చం అసలుదానిలాగే ఉంటుంది.

తేడా కనిపెట్టడానికి సారసోటా దాకా వెళ్ళక్కర్లేదు. పునర్ముద్రణ పెద్ద సైజు పుస్తకం, పొడవు 13 అంగుళాలు దాటుతుంది. అసలు సంచిక పొడవు పదిన్నర అంగుళాల దగ్గర ఆగిపోతుంది. బల్ల మీద స్కేలు పెట్టి కొలిస్తే చాలు.

నల్ల మార్కరు వేసిన చోట ధర కుప్పకూలుతుంది

ఎప్పుడో ఎవరో అట్ట వీపు మీద తెల్లబడిన చోట నల్ల మార్కరుతో పూసి ఉంటారు. అప్పట్లో అది ముచ్చటే, పుస్తకం కొత్తగా కనబడాలని చేసింది. గ్రేడింగ్ సంస్థ దృష్టిలో అది రెస్టొరేషన్. ఊదా రంగు లేబుల్ పడుతుంది. అదే అంకె నీలం లేబుల్ మీద వస్తే పలికే ధరలో చాలా చిన్న వంతే ఊదా లేబుల్‌కి వస్తుంది. రంగు పూయడం, ఊడిన ముక్కలు అతికించడం, కాగితం గుజ్జుతో చిరుగులు పూడ్చడం, అంచులు కత్తిరించి నిటారు చేయడం అన్నీ ఇలాంటివే. వీటిలో అంచుల కత్తిరింపు కనిపెట్టడం అన్నిటికంటే కష్టం. పోయిన కాగితం తిరిగి రాదు కనుక మార్కెట్‌లో దానికి క్షమాపణ కూడా లేదు.

ఇంట్లో చూసుకోవడానికి రెండు పనులు చేయొచ్చు. అట్ట తెరిచి లోపలి వైపు చూడండి. మార్కరు సిరా కాగితంలోకి ఇంకి వీపు పొడవునా నీడలా మరకలు కనిపిస్తాయి. తర్వాత చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెట్టండి. తర్వాత పూసిన రంగు అచ్చు సిరాతో కలవకుండా విడిగా తెలుస్తుంది.

విలువైన పాత పుస్తకాన్ని గ్రేడింగ్‌కి పంపడానికి అన్నిటికంటే బలమైన కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. 1930లు, 40లు, 50ల నాటి ఖరీదైన పుస్తకం గ్రేడింగ్ లేకుండా అమ్మకానికి వస్తే కొనేవాడు మొదట అనుకునేది 'ఇందులో ఏదో అతుకు ఉంది' అనే. ఆ మాట తప్పు అని నిరూపించడానికి ఫోటోలు చాలవు. అంకె 3.0 వచ్చినా సరే, 'రెస్టొరేషన్ లేదు' అని తెలిపే నీలం లేబుల్ ఒక్కటే ఆ రుసుము మొత్తాన్ని తిరిగి తెచ్చిపెడుతుంది. ఒకవేళ ఊదా లేబుల్ పడితే? అది ముందే తెలియడం మంచిదే. తెలియకుండా అమ్మి, కొన్నవాడు తర్వాత గ్రేడింగ్ చేయించి పుస్తకం వెనక్కి పంపితే డబ్బుతోపాటు పేరు కూడా పోతుంది.

ఇస్త్రీ చేసినా తప్పు కాదు

పుస్తకానికి కాస్త తేమ తగిలించి, వేడి బల్లల మధ్య ఒత్తి మడతలు పోగొట్టడాన్ని ప్రెస్సింగ్ అంటారు. సీజీసీ దీన్ని రెస్టొరేషన్ కింద లెక్కించదు. ఇది న్యాయమా కాదా అని సేకర్తల్లో వాదాలు ఏళ్ళుగా నడుస్తూనే ఉన్నాయి.

ఏ మడత పోతుంది, ఏది పోదు అన్నది తేలిగ్గానే చూడొచ్చు. దీపాన్ని పక్కనుంచి వేసి అట్టని కొద్దికొద్దిగా వాల్చండి. వెలుగు వంకర తిరిగి, రంగు మాత్రం చెదరని చోట ఉన్నది వంపు, అది పోతుంది. రంగు విరిగి సన్నటి తెల్ల గీత కనిపించిన చోట కాగితం పీచు తెగింది, అది ఎవరివల్లా పోదు. వంపులు ఎక్కువ, తెల్ల గీతలు తక్కువ ఉన్న పుస్తకానికే ప్రెస్సింగ్ ఖర్చు దండగ కాదు. ఇంట్లో ఇస్త్రీపెట్టెతో ప్రయత్నించొద్దని చేతులు జోడించి చెబుతున్నాను. పిన్నుల తుప్పు గోకడం, పాత టేపు పీకడం కూడా వద్దు. అరవై ఏళ్ళు నిలిచిన కాగితం అరనిమిషంలో పోతుంది.

స్టాన్ లీ సంతకం ఉంటే ధర పెరగకపోవచ్చు

2018లో కన్నుమూసిన మార్వెల్ రచయిత స్టాన్ లీ లెక్కలేనన్ని పుస్తకాల మీద సంతకాలు చేశారు. సంతకాలకి వేసే సీజీసీ పసుపు లేబుల్ రావాలంటే, సంతకం పెడుతుండగా ఆ సంస్థ తరఫు మనిషి అక్కడ చూసి ఉండాలి. ఎప్పుడో అభిమానిగా చేయించుకున్న సంతకం ఎంత నిజమైనదైనా ఆ నియమానికి లొంగదు. నిర్ధారణ లేకపోతే అది అట్ట మీద ఎవరో రాసిన రాత కిందే లెక్క. సీబీసీఎస్‌లో పాత సంతకాలని పోల్చి నిర్ధారించే పద్ధతి ఉంది. సంతకం ఉన్న పుస్తకాన్ని ఎక్కడికి పంపాలన్నది ఇలా వేరే లెక్క.

పేజీల రంగుకి విడిగా మాట ఉంటుంది

లేబుల్ మీద అంకెతోపాటు కాగితం రంగు కూడా రాస్తారు. తెలుపు, తెలుపుకి దగ్గర, మీగడ రంగు, గోధుమ, పెళుసు అని దిగుతుంది. కామిక్స్ అచ్చువేసింది చౌక కాగితం మీద. అందులోని లిగ్నిన్, ఆమ్లం కలిసి ఏళ్ళ తరబడి లోపల్నుంచే కాగితాన్ని తినేస్తాయి. వేడి, చెమ్మ తోడైతే ఇంకా త్వరగా పోతుంది. 1977లో కొలరాడోలో చక్ రోజాన్‌స్కీ అనే వ్యాపారి ఎడ్గర్ చర్చ్ అనే చిత్రకారుడి ఇంటి నుంచి వేల కొద్దీ పాత కామిక్స్ కొన్నాడు. 1930ల చివరి నుంచి పేర్చి ఉంచిన దొంతరలు అవి. ఆ ఎత్తైన ప్రాంతపు పొడి గాలిలో కాగితం తెల్లగా మిగిలింది. ఆ ప్రతులని 'మైల్ హై' అంటారు. ఆ పేరు లేబుల్ మీద ఉంటే నేటికీ ధర పైమెట్టు ఎక్కుతుంది.

మన తీర ప్రాంతంలో పుస్తకాలకి ఆ అదృష్టం లేదు. విశాఖ, కాకినాడ చెమ్మలో పిన్నులు తుప్పు పట్టి, ఆ తుప్పు కాగితంలోకి దిగుతుంది. 1964లో ఫాంటమ్ కథతో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్, 1967 నుంచి వచ్చిన అమర చిత్రకథలు మంచి స్థితిలో దొరకడం కష్టం అవుతున్నది అందుకే. అమర చిత్రకథలో 'కృష్ణ' సంచిక నంబరు 11. మొదటి పది నంబర్లు పాశ్చాత్య జానపద కథలవి, అందుకే ఒకటో నంబరు కృష్ణ అని ఎవరైనా అమ్మజూపితే ఆగి చూడాలి. మన దగ్గర ఇలాంటి పాత ప్రతులు చాలావరకు గ్రేడింగ్ లేకుండానే చేతులు మారుతున్నాయి. మన రూపాయల ధరలకి అమెరికా రుసుము, రానుపోను పోస్టు కలిపితే లెక్క కుదరదు. వీటికి మంచి ఫోటోలు, నిజాయితీ వర్ణనే సరైన పెట్టుబడి.

స్లాబ్‌లో పెట్టినా పుస్తకం పాడవుతుంది

రవాణాలో పెట్టె కుదుపులకి లోపలి పుస్తకం జారి మూలలు దెబ్బతింటాయి. పైగా స్లాబ్‌లో ఉన్నది లేబుల్ మీద రాసిన పుస్తకమేనని కళ్ళు మూసుకుని నమ్మడమూ కుదరదు. పెట్టెలు తెరిచి లోపలి పుస్తకాలని మార్చేసిన మోసం ఒకటి 2023 చివర్లో బయటపడింది. అనుమానం ఉన్న కొన్ని వందల పుస్తకాల జాబితాని సీజీసీ తనే ప్రకటించింది. ప్రతి లేబుల్ మీదా ఒక నంబరు ఉంటుంది. సంస్థ సైటులో ఆ నంబరు కొడితే పుస్తకం వివరాలు వస్తాయి. అమ్మేవాళ్ళు తమ ప్రకటనలో ఆ నంబరు కనిపించేలా ఫోటో పెడితే కొనేవాళ్ళు వెంటనే సరిచూసుకుంటారు. గ్రేడింగ్‌కి పంపే ముందు మీ దగ్గర ఉండగానే అట్ట, వెనక అట్ట, నడిమి పేజీలు, ప్రతి మూలా ఫోటోలు తీసి ఉంచుకోండి. దారిలో ఏదైనా జరిగితే బీమా అడగడానికి ఆధారం అదే.

సినిమా విడుదలకి ముందా, తర్వాతా?

పాత్ర సినిమాలోకి వస్తోందని వార్త పొక్కగానే దాని మొదటి కామిక్ ధర ఎగురుతుంది. సినిమా వచ్చాక తరచూ దిగుతుంది. ముంబయి కుర్రాడు పవిత్ర్ ప్రభాకర్‌ని స్పైడర్‌మ్యాన్ చేసిన 'స్పైడర్‌మ్యాన్: ఇండియా' 2004లో వచ్చింది. 2023 నాటి స్పైడర్-వర్స్ సినిమాలో అతను కనిపించడంతో ఆ సంచికల కోసం వెతుకులాట పెరిగింది. గ్రేడింగ్ పూర్తయి తిరిగి రావడానికి వారాల నుంచి నెలల దాకా పట్టొచ్చు. ఆ గాలివాటు ధరని పట్టుకోవాలంటే పుస్తకాన్ని వార్త రాకముందే పంపి ఉండాలి. ధర నడుస్తున్నప్పుడు చేతిలో పుస్తకం ఉంటే ఉన్నపళంగా అమ్మడమే లాభం.

నిలకడైన పాత పుస్తకాలకి ఈ తొందర లేదు. 1962 ఆగస్టు తేదీతో స్పైడర్‌మ్యాన్‌ని పరిచయం చేసిన 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచిక 9.6 ప్రతి ఒకటి 2021 సెప్టెంబరులో 36 లక్షల డాలర్లు పలికింది. అంత పెద్ద పుస్తకాలు ఉన్నవాళ్ళు గ్రేడింగ్ కాగితాలు నింపే పని కూడా పెట్టుకోనక్కర్లేదు. పెద్ద వేలం సంస్థలే తీసుకుని, పంపించి, అమ్మిపెడతాయి. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు గ్రేడింగ్ రుసుము ఎవరి ఖాతాలో పడుతుందో, అమ్మకం మీద వాళ్ళ కమిషన్ ఎంతో అడిగి రాయించుకోవాలి.

తండ్రి పుస్తకానికి పన్ను లెక్క వేరు

అమెరికాలో సేకరణ వస్తువులని ఏడాదికి మించి ఉంచుకుని అమ్మితే లాభం మీద కేంద్ర పన్ను 28 శాతం దాకా పడుతుంది. షేర్ల మీది పన్ను కంటే ఇది ఎక్కువ. అయితే వారసత్వంగా వచ్చిన పుస్తకానికి లాభం లెక్కపెట్టేది పెద్దాయన పదో, పాతికో సెంట్లకి కొన్న ధర నుంచి కాదు, ఆయన పోయిన రోజున దానికి ఉన్న మార్కెట్ విలువ నుంచి. ఆ విలువ ఎంతో చూపించడానికి రాతలో ఆధారం కావాలి. గ్రేడింగ్ లేబుల్, అదే అంకెతో ఆ రోజుల్లో జరిగిన అమ్మకాల ధరలు రెండూ కలిసి అలాంటి ఆధారంగా నిలబడతాయి. వెంటనే అమ్మే ఉద్దేశం లేకపోయినా వారసులు గ్రేడింగ్ చేయించుకోవడానికి ఇదొక మంచి కారణం. పన్ను లెక్క దాఖలు చేసే ముందు ఆ కాగితాలు సీపీఏ (అక్కడి లెక్కల నిపుణుడు) చేతిలో పెట్టాలి.